సరమ అడిగిన ప్రశ్న

కుక్కపిల్లకు పేరు పెట్టవలసి వస్తే తెలుగు మేష్టారిని అడగకూడదు. ఆ సంగతి మా అమ్మాయికి తెలియదు. రెండేళ్ల కిందటి శ్రావణమాసపు ముసుర్లో, దానవాయిపేటలో మా సందు మొగన తడిసి వణుకుతున్న పిల్లను చున్నీలో చుట్టి తెచ్చి, "నాన్నా, దీనికో మంచి పేరు చెప్పు" అంది. టామీ, టైగరు, స్నూపీ అని అది అప్పటికే మూడు పేర్లు సిద్ధం చేసుకుందట. నేను ముందూ వెనకా చూడకుండా "సరమ" అనేశాను.

"అదేం పేరండీ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

ఇలాంటి అవకాశం ఏ మేష్టారు వదులుకుంటాడు చెప్పండి? జనమేజయ మహారాజు యాగం చేస్తున్నాడు. సరమ అనే దేవలోకపు కుక్కకు పుట్టిన పిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ అక్కడికి వచ్చింది. రాజుగారి తమ్ముళ్లు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయింది. ఆ తల్లి నేరుగా రాజు ఎదటికే వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేసిందని కొట్టారని నిలదీసింది. ఆలోచన లేకుండా బలహీనుల్ని బాధపెట్టేవాళ్లకు అనుకోనిచోట నుంచి భయం పుడుతుందని చెప్పి వెళ్లిపోయింది. భారతం దాదాపు ఈ కుక్కతో మొదలై, ధర్మరాజు వెంట స్వర్గం దాకా నడిచిన మరో కుక్కతో ముగుస్తుంది. నన్నయభట్టు సరమ కథను తెలుగు చేసింది మన రాజమహేంద్రవరంలోనే, 11వ శతాబ్దంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో. నేను ఏటా డిగ్రీ పిల్లలకు చెప్పే పాఠం.

మా ఆవిడ అంతా ఓపిగ్గా విని, "పాఠం బాగుందండీ. అది పాడు చేసినచోటు ఎవరు కడుగుతారు?" అంది.

మా అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. "అది వంటింటి గడప దాటిందంటే నేను కాశీకి పోతానురా అబ్బాయ్" అని హెచ్చరించింది.

అలా సరమ మా ఇంటికి వచ్చింది. మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించాం. అంతవరకు బాగానే చేశాను. పెంపకం దగ్గరే వచ్చింది చిక్కు. పెంపకం అంటే నాకు తెలిసింది మా నాన్నగారి పద్ధతి ఒక్కటే. ఆయన బెత్తం గోడకు వేలాడుతుండేది. కిందికి దిగటం అరుదే గాని, దాని నీడ ఇల్లంతా పరుచుకుని ఉండేది. దండానికి పది ఉపయోగాలని చెప్పే సంస్కృత శ్లోకం ఒకటుంది. పిట్టల్ని, కుక్కల్ని, శత్రువుల్ని, పాముల్ని, పశువుల్ని అదిలించటానికి అయిదు. బురదలో, నీళ్లలో, గుడ్డితనంలో, చీకట్లో, ముసలితనంలో ఊతకు అయిదు. ఆ శ్లోకం చివరి ముక్క పట్టుకుని లోకమంతా పిల్లల్ని బాదింది గాని, ఆ పదింటిలో పిల్లల ఊసే లేదు. కుక్కలు మాత్రం ఉన్నాయి. అంచేత నాకు శాస్త్రం తోడుందనుకున్నాను.

చాపమీద తడి చేస్తే దెబ్బ. చెప్పు కొరికితే దెబ్బ. పిలిస్తే రాకపోతే, వచ్చాక దెబ్బ. ఈ చివరిదానిలో ఉన్న తెలివి చూశారా? పిలుపు విని తప్పు దిద్దుకుని వచ్చిన ప్రాణికి, వచ్చినందుకే శిక్ష!

ఇంతలో సరమకు ఒక అలవాటు పట్టుబడింది. అన్నం తినేటప్పుడు ఎవరైనా పళ్లెం దగ్గరకు వెళితే గొంతులోంచి గుర్రుమనేది. అన్నం పెట్టే చేతిమీదే గుర్రా అని నాకు ఒళ్లు మండింది. గుర్రుమన్నప్పుడల్లా బెత్తం ఝళిపించాను. వారం తిరిగేసరికి గుర్రు మాయమైంది. "వారంలో దారికి తెచ్చానండీ" అని స్టాఫు రూములో గొప్పలు పోయాను కూడాను.

ఒక్క విషయం మాత్రం అప్పుడు నాకు బోధపడలేదు. నేను దగ్గరకు వెళితే సరమ తినటం ఆపి రాయిలా బిగుసుకుపోయేది. తల తిప్పకుండా, తెల్లగుడ్డు కనపడేలా కంటి కొసల నుంచి నన్ను చూసేది. దాన్ని నేను వినయం అనుకున్నాను.

మరుసటి ఏడు దసరా సెలవులకు మా చెల్లెలు కాకినాడ నుంచి వచ్చింది. వాళ్లబ్బాయికి ఆరేళ్లు. ఆ సాయంత్రం పెరటి వసారాలో సరమకు అన్నం పెట్టి, నేను పేపరు చూసుకుంటున్నాను. వాడికి ఏం తోచిందో, తన చేతిలో బొబ్బట్టు ముక్క దానికీ పెడదామని పళ్లెంలోకి చెయ్యి చాపాడు.

సరమ గుర్రుమనలేదు. మొరగలేదు. కరిచింది.

మణికట్టు పైన రెండు పళ్లు దిగాయి. వాడి కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను కొయ్యబారి నిలబడ్డాను. మా ఆవిడే పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి కుళాయి కింద చెయ్యి పెట్టి, సబ్బుతో రుద్దుతూ, గడియారం చూసి పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోనిచ్చింది. మా అమ్మ పసుపు తెచ్చింది. పక్కింటివారు కాఫీపొడి అద్దమన్నారు. "ఏమీ పెట్టకూడదు అత్తయ్యగారూ, కట్టు కూడా కట్టకూడదు" అని అందర్నీ ఆపి, వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను వెనక నడిచాను.

డాక్టరుగారు ఆవిడ చేసిన పనే సగం వైద్యమన్నారు. కరిచిన కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే, మనిషికి సూదులు మానకూడదట. గాయం లోతుగా ఉంది గనక గాయం చుట్టూ సీరం ఎక్కించారు. టీకా ఆ రోజు ఒకటి, తరవాత 3, 7, 28 రోజులకు ఒక్కొక్కసారి, భుజం చర్మంలో. మా అమ్మ బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులనుకుని కంటికీ మంటికీ ఏకధారగా ఏడుస్తోంది. గొర్రె మెదడుతో తయారయ్యే ఆ పాతకాలపు మందును 2004 తరవాత మన దేశంలో చెయ్యటమే మానేశారు. అయినా ఆ భయం మాత్రం ఇళ్లల్లో మిగిలిపోయింది, ఆ భయంతోనే సూదులకు పోకుండా ఊరుకునేవాళ్లూ మిగిలిపోయారు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే ప్రాణం దక్కటం దాదాపు ఉండదు. సకాలంలో కడిగి, సూదులు వేయించుకుంటే ప్రాణానికి భయం లేదు. 1885లో పాశ్చరు ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా వేసి బతికించిన నాటి నుంచి మనిషి చేతిలో ఉన్న వరం ఇది. పోగొట్టుకునేది మన ఆలస్యంతోనే.

ఇంటికి వచ్చాక చెల్లెలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రాత్రి పిల్లవాడు నిద్రపోయాక మాత్రం అంది: "ఇదేం కుక్క అన్నయ్యా! ముందు గుర్రుమననైనా అనలేదు. అని ఉంటే వాడు చెయ్యి తీసేసుకునేవాడు కదా."

నేను మాట్లాడలేదు. ఎందుకు అనలేదో ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

తెలిసి ఏం చేశాను? తప్పు నాదని ఒప్పుకోలేదు. కుక్కను వదిలించుకోవాలనుకున్నాను. పది రోజులు దాన్ని కట్టేసి ఉంచి కనిపెట్టమన్నారు; కనిపెట్టాం. దానికేమీ కాలేదు. గోదావరి అవతల ఎక్కడైనా వదిలేసి రమ్మని ఒకరు సలహా ఇచ్చారు. పెంచిన జంతువును తిండికీ నీళ్లకూ అల్లాడేలా వదిలెయ్యటం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని మా కాలేజీలో మిత్రుడొకాయన ఆపాడు. ఆకివీడు దగ్గర చేపల చెరువులున్న నా చిన్ననాటి స్నేహితుడు, "చెరువుగట్టున పడుంటుందిలే, తీసుకురా" అన్నాడు. పిల్లవాడి ఆఖరి సూది అయిపోయాక, కార్తీకమాసం చివరి ఆదివారం, సరమను బాడుగకారులో ఎక్కించాను. మా అమ్మాయి గదిలోంచి బయటికి రాలేదు.

వంతెన దాటి, భీమవరం, ఉండి మీదుగా పోతున్నాం. ఆకివీడు ఇంకా కొద్ది దూరం ఉందనగా కారాపవలసి వచ్చింది. రోడ్డుకు అడ్డంగా బాతుల మంద. కోసిన చేలల్లో రాలిన గింజల కోసం తోలుకుపోతున్నారు. వెనక ఒక ముసలాయన, చేతిలో పొడుగాటి కర్ర. మంద అంచున ఒక కుక్క. పొట్టి వెంట్రుకలు, సన్నటి నడుము, ముడతల మొహం. జోనంగి జాతిదని చూడగానే తెలిసింది. కొల్లేటి చుట్టుపక్కల, గోదావరి కృష్ణా జిల్లాల్లో తరతరాలుగా ఉన్న కుక్కలు ఇవి. మొరగటం తక్కువ. బాతుల్ని కాయటానికి పెట్టింది పేరు. చేలు చేపల చెరువులైపోయి, బాతుల మందలు తగ్గి, పని పోయి ఈ కుక్కలూ తగ్గిపోయాయి.

ముసలాయన నాలికతో చిన్న చప్పుడు చేశాడు. కుక్క అర్ధచంద్రంలా తిరిగి వచ్చి, రోడ్డుమీది బాతుల్ని ఒక్కదాన్నీ ముట్టకుండా చేలోకి దింపేసింది. ఆయన దగ్గరకు పరుగెత్తుకొచ్చి నిలబడింది. ఆయన మొలలోని సంచిలోంచి ఏదో తీసి దాని నోట్లో వేశాడు.

నేను కారు దిగి అడిగాను: "చేతిలో కర్ర ఉంది గదా, దాన్ని ఎప్పుడూ కొట్టరా పెద్దాయనా?"

"కర్ర బాతులకండి, దారి సూపటానికి. కుక్కనెందుకు కొడతానండీ? ఈయాళ నేను దీన్ని కొడితే, రేపు నేను లేనప్పుడు అది బాతుల మీద తీర్చుకుంటదండి."

"మరి ఎలా నేర్పారు?"

"నేర్పిందేముందండీ బాబూ! బాతుని ఇటు తోల్తే ఓ ఎండురొయ్య. నోరు పెట్టబోతే ఏం లేదు, ఆ పూట పని నుంచి పక్కకి. ఆకలున్నోడికి ఎండురొయ్య కన్నా గురువెవరండీ? ఆయ్!"

ఇంతలో జోనంగి కారు దగ్గరకు వచ్చింది. సరమ గుర్రుమనలేదు, మొరగలేదు. రాయిలా బిగుసుకుపోయి కళ్ల కొసల నుంచి చూస్తోంది. ముసలాయన వెంటనే తన కుక్కను వెనక్కి పిలుచుకుని, సరమ వంక కాసేపు చూశాడు.

"దీన్ని బాగా కొట్టినట్టున్నారండి" అన్నాడు. అందులో నింద లేదు. రోగి నాడి చూసి చెప్పినట్టు చెప్పాడు.

స్నేహితుడికి ఫోను చేసి రావటం లేదన్నాను. కారు వెనక్కి తిప్పించాను.

మర్నాడు సరమను పశువుల డాక్టరుగారికి చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "గుర్రుమనటం కుక్క మాట మేష్టారూ. నాకు భయంగా ఉంది, దూరంగా జరగండి అని చెప్పటం. మీరు మాట మాన్పించారు, భయం మాన్పించలేదు. ఇక దానికి మిగిలింది పళ్లే గదా!" అన్నారు.

ఆయనే పావ్‌లోవ్ సంగతి చెప్పారు. జీర్ణక్రియ మీద చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్న ఆ రష్యా శాస్త్రవేత్త దగ్గరి కుక్కలకు, తిండి ఎదట పెట్టకముందే, తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే నోరూరేది. "మీ అడుగుల చప్పుడు వింటే సరమకు ఏం జ్ఞాపకం రావాలి? ముద్దా, దెబ్బా? అది తేల్చవలసింది మీరే" అన్నారు.

బెత్తం అటకెక్కింది. పాఠాలు మొదలయ్యాయి, నాకు. డాక్టరుగారు చెప్పినట్టు, సరమ తింటుంటే దూరంగా నడుస్తూ, దాని ఒళ్లు బిగుసుకోనంత ఎడం ఉంచి, అన్నం కన్నా ఇష్టమైన ముక్క ఒకటి విసిరి వెళ్లిపోయేవాణ్ణి. మా ఇంట్లో నీచు లేదు గనక ఉడికించిన చిలగడదుంప, పనీరు. రోజుకో అడుగు దగ్గరగా. బిగుసుకుంటే మళ్లీ రెండడుగులు వెనక్కి. మూడు వారాలకు, నేను వస్తుంటే సరమ పళ్లెంలోంచి తలెత్తి తోక ఊపటం మొదలెట్టింది. తోక ఊపిన ప్రతిసారీ సంతోషమని కాదు సుమండీ. ఒళ్లంతా వదులుగా కదిలితే సంతోషం. ఒళ్లు బిగిసి తోక ఒక్కటే నిక్కబొడుచుకుని ఆడితే దూరం జరగమని.

కూర్చోవటం నేర్పటం ఇంకా తేలిక. పెసరగింజంత ముక్క ముక్కు ఎదట పట్టుకుని మెల్లగా తలమీదకు జరిపితే, తల పైకి లేస్తుంది, నడుం దానంతటదే కిందికి దిగుతుంది. దిగిన క్షణంలో "భేష్" అని ముక్క ఇవ్వాలి. కాస్త ఆలస్యమైతే బహుమతి ఎందుకొచ్చిందో దానికి అర్థం కాదు. మాట ఒక్కటే ఉండాలి, ఇంట్లో అందరికీ అదే ఉండాలి. నేను ఒకసారి "కూర్చో", ఒకసారి "కూర్చోవే తల్లీ", ఒకసారి "కూర్చుంటావా లేదా" అంటుంటే మా అమ్మాయి, "నాన్నా, అది నీ క్లాసులో లేదు, పర్యాయపదాలు మానెయ్" అంది. తప్పు చేస్తే శిక్ష లేదు, బహుమతి లేదు, అంతే. పిలిస్తే వచ్చినప్పుడల్లా, ఎంత ఆలస్యంగా వచ్చినా, ముక్కో మంచి మాటో ఇవ్వాలి.

అందరికన్నా గొప్ప గురువు మా అమ్మ అనిపించుకుంది. వంటింటి గడప అవతల సరమ కుదురుగా కూర్చుంటే, పూజ అయ్యాక కొబ్బరిముక్క పడేసేది. కాళ్లు గడపమీద పెడితే, అమ్మ లోపలికి తిరిగి పనిలో పడేది. వారం రోజుల్లో సరమ గడప ఎరిగిన కుక్క అయింది. చక్రపొంగలి పెట్టాలని ఉబలాటపడితే, కిస్‌మిస్ కుక్కలకు విషమని మా ఆవిడ ఆపింది. ద్రాక్షపళ్లు, ఉల్లిపాయ, చాకొలెట్టు కూడా అంతే.

నేర్పటం వల్ల కుక్క దేవత అయిపోదు. ఒకసారి కరిచిన కుక్క ఇది. అంచేత కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. సరమ అన్నం వెనకగదిలో, తలుపు గడియ వేసి. చిన్నపిల్లలు ఇంట్లో ఉంటే పెద్దవాళ్ల కన్ను తప్పనివ్వం. అది తినేటప్పుడు, పడుకున్నప్పుడు ఎవరూ ముట్టుకోరు, కౌగిలింతలు లేవు. ఆవలిస్తున్నా, పెదాలు నాక్కుంటున్నా, మొహం పక్కకు తిప్పుకుంటున్నా అది "ఇక చాలు" అంటోందని పిల్లలకు చెప్పాం. వీధిలో తెలియని కుక్క వెంటపడితే పరుగెత్తవద్దని, కళ్లలోకి చూడకుండా, చేతులు కదపకుండా చెట్టులా నిలబడమని నేర్పాం. ఏటా టీకా, సంతానం కలగకుండా ఆపరేషను, దీపావళి రాత్రి తలుపులు మూసిన గది, తోడుగా ఒక మనిషి.

ఆ డిసెంబరులో క్లాసులో మళ్లీ సరమ పాఠం వచ్చింది. ఎప్పటిలాగే చెప్పి, ఎప్పటిలాగే "ఏమైనా సందేహాలా?" అన్నాను. ఎప్పటిలాగే నిశ్శబ్దం. ఇన్నేళ్లుగా ఆ నిశ్శబ్దాన్ని క్రమశిక్షణ అనుకుంటున్నాను. నేను కాలేజీలో ఎవరినీ కొట్టలేదు. కాని ప్రశ్న అడిగినవాణ్ణి ఒక్క ఎత్తిపొడుపు మాటతో కూర్చోబెట్టిన రోజులు బోలెడు. ఆ నిశ్శబ్దంలో అన్నీ వరసగా జ్ఞాపకం వచ్చాయి. ఆ రోజు పుస్తకం మూసి, ఎవరైనా నోరు విప్పేదాకా కాచుకుని కూర్చున్నాను. చాలాసేపు పట్టింది.

సంక్రాంతికి చెల్లెలు మళ్లీ వచ్చింది. రమ్మని అడగటానికి నాకు మొహం చెల్లలేదు, తనే వచ్చింది. భోగినాడు సరమ పెరట్లో ఎండు కొబ్బరిచిప్ప ఒకటి సంపాదించి కొరుక్కుంటోంది. గొంతులో ఇరుక్కుంటుందేమోనని, ఏదో ధ్యాసలో, నేను వంగి చెయ్యి చాపాను.

సరమ గుర్రుమంది.

వసారాలో నిలబడ్డ చెల్లెలు అదిరిపడి పిల్లవాణ్ణి దగ్గరకు లాక్కుంది. నా చెయ్యి పాత అలవాటుగా పైకి లేవబోయింది. ఆగిపోయింది. ఏడాదికి పైగా ఆ గొంతు నేను వినలేదు. మూగవోయిందనుకున్న ప్రాణి మాట్లాడింది. రెండడుగులు వెనక్కి వేసి, చిలగడదుంప ముక్క తెప్పించి కాస్త ఎడంగా పడేశాను. సరమ చిప్ప వదిలి ముక్క దగ్గరకు వెళ్లింది. మా అమ్మాయి నెమ్మదిగా వచ్చి చిప్ప తీసేసింది.

"కోప్పడిందా మావయ్యా?" అని అడిగాడు మా మేనల్లుడు, తల్లి కొంగు చాటునుంచి. వాడి మణికట్టుమీద రెండు చిన్న మచ్చలు ఇంకా ఉన్నాయి.

"లేదురా, వద్దని చెప్పింది" అన్నాను. "నిరుడు కూడా చెప్పి ఉండేది. నేనే చెప్పనివ్వలేదు."

ఆ మాట నేను చెల్లెలి వంక చూసి అన్నాను. అనటానికి నాకు మూడు నెలలు పట్టింది.